హవాయి మూలవాసుల సంధి విధానం: హోఓపోనోపోనోను అర్థం చేసుకొని బోధించే పద్ధతి

హోఓపోనోపోనో అనే పేరు తెలుగు పాఠకులలో చాలామంది వినే ఉంటారు. నాలుగు చిన్న వాక్యాలను మనసులో మళ్ళీ మళ్ళీ అనుకుంటే మనశ్శాంతి కలుగుతుందని చెప్పే సాధనగానే అది ఎక్కువగా ప్రచారంలో ఉంది. క్షమాపణ, మన్నింపు, కృతజ్ఞత, ప్రేమ ఆ వాక్యాల సారాంశం. అవి మంచి భావాలే, వాటిని తలచుకోవడంలో తప్పేమీ లేదు. అయితే ఆ రూపం ఇటీవలిది. మోర్నా సిమియోనా (1913–1992) అనే హవాయి సంప్రదాయ వైద్యురాలు పాత పద్ధతిని ఒంటరిగా చేసుకొనే సాధనగా మలచగా, ఆమె తరువాతివారి చేతుల్లో అది మరింత కుదించుకుపోయి ప్రపంచమంతటా వ్యాపించింది. హవాయి కుటుంబాలలో తరతరాలుగా సాగిన హోఓపోనోపోనో ఒక్కరు కళ్ళు మూసుకొని చేసుకొనేది కాదు. గొడవపడినవారు ఒకే చోట కూర్చొని, ఒక పెద్ద ఆధ్వర్యంలో జరిగింది జరిగినట్టు చెప్పుకొని, తప్పు ఒప్పుకొని, ఒకరినొకరు ఆ తప్పు నుంచి విడిపించుకొని, చివరికి కలిసి భోజనం చేసి లేచే కట్టుబాటు అది. ఎదుటి మనిషి లేకుండా సంధి జరగదన్నదే దాని పునాది.

శాంతి విద్య బోధించే ఉపాధ్యాయులు, కుటుంబ సలహాదారులు, అహింస గురించి కలిసి చదువుకోవాలనుకొనే బృందాలు ఈ పద్ధతిని ఎలా అర్థం చేసుకోవాలో, దాని మెట్లు ఏ క్రమంలో సాగుతాయో, దానిని హవాయి చరిత్రతో కలిపి ఎలా బోధించాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా తెలుసుకోవలసిన నేపథ్యం

ఈ సంప్రదాయం మన దాకా చేరిన దారి తెలియకుండా దానిని బోధించడం సరికాదు. 1820లో క్రైస్తవ మిషనరీలు హవాయికి వచ్చిన తరువాత పాత దేవతలకు చేసే ప్రార్థనలు నిందకు గురయ్యాయి. 1896లో పాఠశాలల బోధనా భాష ఆంగ్లమే కావాలని చట్టం రావడంతో పిల్లలకు తాతల భాష దూరమైంది, ఆ భాషలో బతికిన కట్టుబాట్లు కూడా చాలా ఇళ్ళలో మరుగున పడ్డాయి. హవాయి రాజ్యపు చివరి పాలకురాలు రాణి లిలిఉఓకలాని అనాథ పిల్లల కోసం 1909లో ఒక ధర్మనిధిని ఏర్పాటు చేశారు. ఆ నిధితో నడిచే బాలల కేంద్రంలోని సామాజిక కార్యకర్తలు 1960వ దశకంలో ఒక సంగతి గ్రహించారు: తమ దగ్గరికి వచ్చే హవాయి కుటుంబాల బాధను బయటి నుంచి తెచ్చిన మనస్తత్వ శాస్త్రంతో మాత్రమే అర్థం చేసుకోలేకపోతున్నారు. అప్పుడు వారు పండితురాలు మేరీ కవేనా పుకుయిని ఆశ్రయించారు. 1895లో హవాయి ద్వీపంలోని కఊ ప్రాంతంలో పుట్టి, పసితనంలో అమ్మమ్మ చేతుల మీద పెరిగిన ఆమె, తన కుటుంబంలో స్వయంగా చూసిన హోఓపోనోపోనోను మెట్టుమెట్టుగా వివరించారు. ఆ వివరణ 1972లో అచ్చయింది. నేడు హవాయిలో కుటుంబ సలహా కేంద్రాలలోనైనా, వ్యసన విముక్తి కార్యక్రమాలలోనైనా ఈ పద్ధతిని అనుసరించేవారు చాలావరకు ఆ వివరణనే ఆధారం చేసుకుంటారు.

కాబట్టి బోధించేవారు మొదటి తరగతిలోనే ఈ మాట చెప్పాలి: ఇది ఎవరికీ చెందని పాత విజ్ఞానం కాదు, ఒక జాతి తన భాషను, రాజ్యాన్ని పోగొట్టుకొని కూడా కాపాడుకొన్న ఆస్తి. దీనికి వారసులు నేడు కూడా ఉన్నారు. ఈ ఎరుక కలిగితే ఇక మీదట నేర్చుకొనేవారి వైఖరే మారుతుంది.

కూర్చోవడానికి ముందు చేయవలసినవి

సమావేశాన్ని నడిపే పెద్దను ‘హకు’ అంటారు. పూర్వం కుటుంబంలో అందరి గౌరవం పొందిన వృద్ధుడో వృద్ధురాలో, లేదా సంప్రదాయ వైద్యుడో ఈ బాధ్యత తీసుకొనేవారు. జబ్బుకు మూలం కుటుంబంలోని కలతే కావచ్చని నమ్మిన వైద్యులు, మందు ఇచ్చే ముందు ఇంటివారిని కూర్చోబెట్టి ఈ ప్రక్రియ జరిపించిన సందర్భాలు ఉన్నాయి. హకును ఎంచుకొనేటప్పుడు వయసు, హోదా మాత్రమే చూడకూడదు. ఆ గొడవలో తానే చిక్కుకొని ఉన్న మనిషి ఎంత పెద్దవాడైనా హకుగా పనికిరాడు. ఇరుపక్షాల వారూ ఆయన మాట వినగలగాలి, ఆయన కూడా ఇరుపక్షాల మాటా చివరిదాకా వినగలగాలి.

హకు చేయవలసిన మొదటి పని ప్రతి ఒక్కరినీ విడిగా కలవడం. రావడానికి ఇష్టమేనా, నిజమే చెబుతావా, అక్కడ విన్న మాట బయటికి మోయకుండా ఉంటావా, కోపం వచ్చినప్పుడు ఎదుటివారి మీదికి పోకుండా నాతోనే మాట్లాడతావా అని అడగాలి. ఈ నాలుగింటికీ మనస్ఫూర్తిగా ఒప్పుకోని మనిషిని బలవంతంగా లాక్కొచ్చి కూర్చోబెట్టడం కంటే సమావేశాన్ని వాయిదా వేయడమే మేలు. నిజం చెప్పడమంటే అబద్ధం ఆడకపోవడం ఒక్కటే కాదు. తనకు అనుకూలంగా ఉన్న సగం చెప్పి మిగతా సగం దాచుకోవడం కూడా ఈ కట్టుబాటు ప్రకారం మాట తప్పడమే.

గొడవ ఎవరిని తాకిందో వారందరూ రావాలి. ఇద్దరి మధ్య మొదలైనా అది ఇద్దరి దగ్గరే ఆగదు కనుక, భార్యాభర్తలు, పిల్లలు, అవ్వాతాతలు కూడా అవసరాన్ని బట్టి కూర్చుంటారు. వేడుక చూడటానికి వచ్చేవారికి మాత్రం చోటు లేదు.

మెట్లు, ఒక ఉదాహరణతో

మెట్ల పేర్లు బట్టీ పట్టడం సులభమే కానీ అవి మనుషుల మధ్య ఎలా పనిచేస్తాయో చూడాలంటే ఒక సందర్భం కావాలి. తరగతిలో చెప్పుకోవడానికి వీలుగా ఒక కల్పిత కుటుంబాన్ని ఊహించుకుందాం. హవాయి ద్వీపపు తీరంలో ఇద్దరు అన్నదమ్ములు పక్కపక్క ఇళ్ళలో ఉన్నారు. తమ్ముడు అన్న విసురువలను అడిగి తీసుకెళ్ళాడు. అది పగడపు దిబ్బకు తగిలి చిరిగింది. ఏమీ చెప్పకుండా దానిని తిరిగి కొక్కేనికి తగిలించి వెళ్ళిపోయాడు. కుటుంబ విందుకు చేపలు తేవడానికి తెల్లవారుజామున బయలుదేరిన అన్న, వల విప్పేసరికి చిరుగు చూసి ఉత్త చేతులతో తిరిగి వచ్చాడు. ఆ సాయంత్రం విందులో బంధువులందరి ముందు తమ్ముణ్ణి దొంగ అన్నాడు. ఆ రోజు నుంచి తోడికోడళ్ళు మాట్లాడుకోవడం లేదు, పిల్లలను అవతలి ఇంటికి పోనివ్వడం లేదు, తల్లి ఏ ఇంటి గడప తొక్కినా రెండో ఇంటివారు ముఖం ముడుచుకుంటున్నారు.

ప్రక్రియ ప్రార్థనతో మొదలవుతుంది. పూర్వం కుటుంబ రక్షకులైన పూర్వీక దేవతలను పిలిచేవారు, నేడు చాలా కుటుంబాలు క్రైస్తవ దేవుణ్ణి ప్రార్థిస్తాయి. వేర్వేరు మతాలవారు, ఏ మతమూ లేనివారు కలిసి ఉన్న బృందంలో ఈ మెట్టును ఎలా జరపాలన్నది తరచుగా ఎదురయ్యే ప్రశ్న. దానిని తీసివేయడం పొరపాటని నా అభిప్రాయం. మనలో ఎవరి కోపం కంటేనైనా పెద్దదైన ఒకదాని ఎదుట కూర్చున్నామని అందరూ ఒప్పుకోవడమే ఆ మెట్టు చేసే పని. ఆ ఒప్పుకోలు మౌనంగానైనా, ఎవరి నమ్మకం ప్రకారం వారు తలవంచడం ద్వారానైనా జరగాలి.

తరువాత ‘కూకులు కుముహన’ వస్తుంది. ఇందులో రెండు పనులున్నాయి. మొదటిది, పరిష్కారం కోసం అందరి సంకల్పాన్ని, బలాన్ని ఒక చోటికి చేర్చడం. రెండవది, సమస్య ఏమిటో హకు అందరికీ వినబడేలా చెప్పడం. “ఈ ఇంటివారూ ఆ ఇంటివారూ మాట్లాడుకోవడం మానేశారు. విందు రోజున పలికిన ఒక మాట, అంతకుముందు చిరిగిన ఒక వల దీనికి కారణమని మీరందరూ నాకు విడివిడిగా చెప్పారు. దీనిని విప్పడానికే కూర్చున్నాం,” అని ఆయన అంటారు. ఎవరిని నిందించకుండా, ఏదీ దాచకుండా చెప్పిన ఇలాంటి రెండు మూడు వాక్యాలు చాలు. మనసు ఇంకా బిగదీసుకొని ఉన్న మనిషి ఎవరైనా ఉంటే హకు ఈ దశలోనే ఆ మనిషితో ఓపికగా మాట్లాడి దగ్గరికి తీసుకోవాలి.

జరిగిన తప్పును ‘హలా’ అంటారు. ఆ తప్పు చుట్టూ పెరిగిన చిక్కుముడిని ‘హిహియా’ అంటారు. ఈ రెండింటినీ వేరుగా చూడగలగడమే హోఓపోనోపోనోలోని లోతైన అవగాహన. వలలో ఒక చేప కొట్టుకుంటే ఒక్క వలకన్ను దగ్గరే కదలిక ఆగదు, వల మొత్తం అదిరి మిగతా చేపలు కూడా చిక్కుకుంటాయి. మన ఉదాహరణలో తప్పు చేసింది తమ్ముడే కావచ్చు, కానీ నోరు జారిన అన్న, అలిగిన వదిన, ఆటకు దూరమైన పిల్లలు, ఎటూ చెప్పలేక నలిగిన తల్లి అందరూ ఆ చిక్కులో ఉన్నారు. తప్పు చేసినవాడికీ, బాధపడినవాడికీ మధ్య తాడు రెండు కొసలా బిగుసుకొనే ఉంటుంది. పగ పట్టినవాడు కూడా బందీయే. న్యాయస్థానాలలో తీర్పు తప్పును తేల్చి ఊరుకుంటుంది. చిక్కును విప్పే పని మాత్రం మిగిలిపోతుంది, ఈ పద్ధతి దానినే ముందుకు తెస్తుంది.

ఇక ‘మహికి’. అత్యధిక సమయం తీసుకొనేది, హకు నేర్పు తెలిసేది ఈ మెట్టులోనే. పొర వెనుక పొరగా, ఒక్కసారికి ఒక్క విషయాన్నే తీసుకొని మాట్లాడించాలి. మాటలన్నీ హకు వైపే సాగాలి. తమ్ముడు మొదలుపెడతాడు: “అన్నయ్య నన్ను అందరి ముందూ దొంగ అన్నాడు.” అన్న లేవబోతాడు. “నీ వంతు వస్తుంది నాయనా, ఇప్పుడు అతను చెప్పేది విను,” అని హకు ఆపుతారు. తరువాత తమ్ముడి వైపు తిరిగి, “ఆ మాట విన్నప్పుడు నీకేమనిపించిందో నాతో చెప్పు,” అంటారు. అతను చెప్పాక, “వల చిరిగిన రోజున అన్నయ్యకు ఎందుకు చెప్పలేదు?” అని అడుగుతారు. తమ్ముడు కాసేపు తటపటాయించి, చెబితే చిన్నప్పటిలా తిడతాడని భయపడ్డానంటాడు. అన్న వంతు వచ్చినప్పుడు వల సంగతి పక్కకు పోయి వేరే మాట బయటికి వస్తుంది: తండ్రి మంచాన పడినప్పుడు తమ్ముడు హొనలులులో ఉద్యోగం చేసుకుంటూ ఉండిపోయాడు, సేవ అంతా తానొక్కడే చేశాడు. ఆ మాట విని తమ్ముడు ఇన్నాళ్ళూ మింగుకొన్నది కక్కుతాడు: తండ్రి పోయాక పడవ అన్నకే దక్కింది, ఆ సంగతి తనకు కబురు చేసినవారు కూడా లేరు.

అనుభవం లేని నిర్వాహకుడు ఇక్కడ తొందరపడి పడవ గొడవ, సేవ గొడవ, వల గొడవ అన్నింటినీ కలిపి ఒక్క దెబ్బకు తేల్చేయాలనుకుంటాడు. అలా చేయకూడదు. పైకి వచ్చిన ప్రతి పొరనూ హకు గుర్తుపెట్టుకొని, మొదట చేపట్టినదానిని ముగించాకే తరువాతిదానికి పోవాలి. ఒక్క రోజులో ముగియకపోతే మరో రోజు కూర్చోవాలి. భావాలను వెళ్ళగక్కితే చాలు, మనసు తేలికపడుతుందన్న నమ్మకం ఈ పద్ధతిలో లేదు. కోపంతో విసిరిన మాట కొత్త తప్పుగా మారి చిక్కును మరింత బిగిస్తుందన్న ఎరుక ఇందులో ఉంది. మాటలోనే జీవం ఉంది, మాటలోనే మరణం ఉంది అని హవాయివారు చెప్పుకొనే సామెతకు ఈ మెట్టే ఆచరణ.

మాటలు వేడెక్కినప్పుడు, లేదా సత్యం బయటికి రాకుండా వాదన అక్కడక్కడే తిరుగుతున్నప్పుడు హకు ‘హోఓమలు’ ప్రకటిస్తారు. అది మౌనం. కొన్ని నిమిషాలు కావచ్చు, మరుసటి రోజు దాకా కావచ్చు. ఆ సమయంలో వారిలో వారు గానీ, బయటివారితో గానీ ఆ సంగతి ఎత్తకూడదు. ఎవరి తప్పును వారు తలచుకోవడానికి ఇచ్చిన వ్యవధి అది. బోధనలో ఈ మెట్టును తప్పకుండా చేయించి చూపాలి, ఎందుకంటే మౌనాన్ని భరించడం మనలో చాలామందికి మాట్లాడటం కంటే కష్టం.

అన్ని పొరలూ బయటపడ్డాక ‘మిహి’ వస్తుంది. తప్పు చేసినవారు దాని పేరు పెట్టి ఒప్పుకొని మన్నింపు అడగాలి. “ఏదైనా పొరపాటు జరిగి ఉంటే క్షమించు” అనడం మిహి కాదు. “వల చిరిగిందని చెప్పకుండా తగిలించి వెళ్ళాను. నీ విందు పాడైంది. అది నా తప్పు, మన్నించు అన్నయ్యా,” అనడం మిహి. అన్న కూడా, “అందరి ముందూ నిన్ను అనకూడని మాట అన్నాను, నన్ను మన్నించు,” అనాలి. ఆ మాట విన్న బంధువుల దగ్గర దానిని వెనక్కి తీసుకొనే బాధ్యత కూడా అతనిదే. జరిగిన నష్టాన్ని పూడ్చే ఏర్పాటు కూడా ఇక్కడే కుదరాలి. అన్నదమ్ములిద్దరూ కలిసి వలను బాగుచేస్తారని, పడవను వంతులవారీగా వాడుకొంటారని అందరి ఎదుట ఒప్పందం జరుగుతుంది.

మన్నింపు ఇచ్చేవారు ‘కలా’ చేస్తారు, అంటే విడిపిస్తారు. “ఈ తప్పు నుంచి నిన్ను విప్పుతున్నాను, దాని నుంచి నేను కూడా విముక్తుణ్ణి కావాలి” అన్నది దాని భావం. విప్పడం రెండు వైపులా జరగాలి, ఒక్కరు వదిలి మరొకరు పట్టుకొని ఉంటే తాడు తెగదు. అది పూర్తిగా తెగినప్పుడు ‘ఓకి’ అంటారు. ఆ తరువాత ఆ సంగతిని ఎవరూ, ఎప్పుడూ, మరో గొడవలో ఆయుధంగా కూడా పైకి తీయకూడదు. జరిగింది మరచిపోవాలని ఎవరూ అడగరు, దానిని మళ్ళీ ఎత్తి చూపకూడదని మాత్రం అందరూ ఒప్పుకుంటారు.

చివరి మెట్టు ‘పాని’. హకు జరిగినదాన్ని క్లుప్తంగా చెప్పి, కుటుంబానికి ఉన్న బలాన్ని గుర్తుచేసి, ముగింపు ప్రార్థన చేస్తారు. అందరూ కలిసి తింటారు. పూర్వం కోడినో పందినో నైవేద్యం పెట్టి పంచుకొనేవారు, ‘లిము కలా’ అనే సముద్రపు నాచును ఈ విముక్తికి గుర్తుగా తినే ఆచారం కూడా ఉంది. నేడు ప్రతి ఒక్కరూ తలా ఒక వంటకం తెచ్చుకుంటారు. ఈ భోజనాన్ని సమయం లేదని ఎగరగొట్టడం చాలా చోట్ల జరిగే లోపం. కాసేపటి క్రితం ఏడ్చిన మనుషులు మళ్ళీ మామూలు మాటల్లోకి రావడానికి ఒక వారధి కావాలి, అన్నం వడ్డించుకోవడం ఆ వారధి.

జరపకూడని సందర్భాలు

ఇంట్లో ఒకరు మరొకరిని కొడుతూ, బెదిరిస్తూ ఉన్నప్పుడు బాధితురాలిని, కొట్టినవాణ్ణి ఒకే చాప మీద కూర్చోబెట్టి క్షమాపణ చెప్పించడం సంధి కాదు, ఆమెకు మరో ప్రమాదం తెచ్చిపెట్టడం. అలాంటప్పుడు మొదట రక్షణ, చట్టం, వైద్యం. పిల్లల మీద జరిగిన అఘాయిత్యాల విషయంలో రహస్యం పాటించాలన్న నియమాన్ని సాకుగా చూపి చట్టానికి చెప్పకుండా దాచడం కూడా తప్పే. మద్యం మత్తులో ఉన్నవారితో, కుటుంబంలో మరణం జరిగిన తొలి రోజుల్లో, లేదా ఒకరి జీతం, ఇల్లు మరొకరి చేతిలో ఉండి నోరు విప్పలేని స్థితిలో ఈ ప్రక్రియకు కావలసిన సత్యం దొరకదు.

సమాజానికి అహింసను బోధించేటప్పుడు

కుటుంబంలో నేర్చుకొన్న ఈ క్రమశిక్షణ బయటి ప్రపంచంలో ఎలా నిలబడిందో చూపకపోతే పాఠం సగమే అవుతుంది. హవాయి చరిత్రలో అందుకు మంచి ఆధారాలున్నాయి. అయితే ఆ ద్వీపాలు ఎన్నడూ యుద్ధం ఎరుగని స్వర్గమని చెప్పకూడదు. రాజు కమేహమేహా ద్వీపాలను యుద్ధాలతోనే ఏకం చేశాడు. ఆయన 1797లో ప్రకటించిన ‘కానావై మామలహోయె’ అనే శాసనం వెనుక కథనే మొదటి పాఠంగా తీసుకోవచ్చు. యువకుడిగా ఉన్నప్పుడు ఆయన పునా తీరంలో జాలరుల మీద దాడికి పోగా, ఆయన కాలు లావా బీటలో ఇరుక్కుంది. ఒక జాలరి తన తెడ్డు విరిగేలా ఆయన తల మీద కొట్టి పారిపోయాడు. తరువాత ఆ మనిషి పట్టుబడినప్పుడు రాజు అతణ్ణి శిక్షించలేదు, నిరపరాధుల మీద దాడి చేసిన తప్పు తనదేనని ఒప్పుకొన్నాడు. వృద్ధులు, స్త్రీలు, పిల్లలు దారి పక్కన నిర్భయంగా పడుకోగలగాలన్న శాసనం ఆ అనుభవం నుంచి పుట్టింది. 1978లో అది హవాయి రాష్ట్ర రాజ్యాంగంలో చోటు సంపాదించింది. విద్యార్థులను ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి ఇందులో హలా ఎవరిది, మిహి చెప్పవలసినవారు ఎవరు, నష్టం పూడ్చడం ఏ రూపంలో జరిగింది అని అడగండి. రాజు మిహి చెప్పిన రూపమే ఆ శాసనమని వారు తమంతట తామే కనుక్కుంటారు.

‘పుఉహోనువా’ అనే శరణు స్థలాల గురించి కూడా చెప్పాలి. కోనా తీరంలోని హోనౌనౌలో దాదాపు 12 అడుగుల ఎత్తు, 17 అడుగుల మందంతో సున్నం లేకుండా పేర్చిన రాతి గోడ నేడు కూడా ఉంది. కపు అనే కఠిన నిషేధాలను మీరి మరణశిక్ష పడవలసినవారు కూడా ఆ ఆవరణలోకి చేరగలిగితే, పూజారి శుద్ధి చేసి ఇంటికి పంపేవాడు. ఓడిన యోధులకు, యుద్ధ సమయంలో స్త్రీలకు, పిల్లలకు కూడా అక్కడ ఆశ్రయం ఉండేది. 1819లో కపు వ్యవస్థ రద్దయింది. ఆ ప్రదేశం ఇప్పుడు జాతీయ చారిత్రక ఉద్యానవనం. దారి తప్పిన మనిషికి తిరిగి వచ్చే మార్గం ఒకటి ఉంచాలన్న ఆలోచన కుటుంబంలోని కలాకూ, దేశంలోని పుఉహోనువాకూ ఒకటే.

రాజ్యం కూలిన ఘట్టాన్ని తప్పించుకోకూడదు. 1893 జనవరి 17న అమెరికా నౌకాదళ సైనికులు హొనలులులో దిగి ఉండగా, కొందరు వ్యాపారులు రాణి లిలిఉఓకలానిని గద్దె దించారు. సాయుధ ఘర్షణను, ప్రాణనష్టాన్ని నివారించడానికి నిరసన తెలుపుతూనే అధికారం వదులుతున్నానని ఆమె రాశారు. 1895లో కొందరు ఆయుధాలు పట్టారు, అది విఫలమై రాణి తన రాజభవనంలోనే బందీ అయ్యారు. ఆ తరువాత 1897లో ‘హుయి అలోహా ఆయినా’ అనే దేశభక్త సంఘాల స్త్రీ పురుషులు ద్వీపాలన్నీ తిరిగి, హవాయిని అమెరికాలో కలిపే విలీనానికి వ్యతిరేకంగా 21,000కు పైగా సంతకాలు సేకరించి వాషింగ్టన్‌కు తీసుకెళ్ళారు. సెనేట్‌లో ఆ విలీన ఒప్పందానికి కావలసిన మద్దతు దొరకలేదు, అయినా 1898లో ఉమ్మడి తీర్మానం పేరుతో విలీనం జరిపారు. రాణిని గద్దె దించిన వందేళ్ళకు, 1993లో, అమెరికా కాంగ్రెస్ క్షమాపణ తీర్మానం చేసింది. దీనిని తరగతిలో చర్చకు పెట్టండి: తప్పు పేరు పెట్టి ఒప్పుకొన్న ఆ తీర్మానం మిహి అవుతుందా, నష్టం పూడ్చే ఏర్పాటు లేనప్పుడు చిక్కు విప్పుకొన్నట్టేనా? కుటుంబ స్థాయిలో నేర్చుకొన్న కొలమానం దేశాల మధ్య కూడా ఎంత కచ్చితంగా పనిచేస్తుందో అప్పుడు అర్థమవుతుంది.

కహోఓలావే పాఠానికి కనీసం ఒక పూట కేటాయించాలి. పెర్ల్ హార్బర్ దాడి తరువాత అమెరికా సైన్యం ఈ చిన్న ద్వీపాన్ని పూర్తిగా తన చేతుల్లోకి తీసుకొని బాంబుల అభ్యాసానికి వాడుకొంది. 1976 జనవరి 4న దానికి నిరసనగా కొద్దిమంది నిరాయుధంగా అక్కడ అడుగుపెట్టారు. ఆ ఉద్యమంలోని జార్జ్ హెల్మ్, కిమో మిచెల్ 1977 మార్చిలో సముద్రంలో అదృశ్యమయ్యారు. నేలను కుటుంబంలో భాగంగా ప్రేమించడం, అంటే అలోహా ఆయినా, వారి వాదనకు ఆధారం. ప్రార్థనలు, పూజలు, న్యాయస్థానంలో వ్యాజ్యం, మళ్ళీ మళ్ళీ ద్వీపానికి వెళ్ళడం, ఇవే వారి సాధనాలు. 1990లో బాంబుల వర్షం ఆగింది, 1994లో ద్వీపం హవాయి రాష్ట్రానికి తిరిగి వచ్చింది. నేటికీ పేలని గుండ్లు అక్కడ ఉన్నాయి, స్వచ్ఛందంగా వెళ్ళేవారు మొక్కలు నాటుతున్నారు. గాయపడిన నేల కూడా చిక్కులో ఉన్న కుటుంబ సభ్యురాలేనని వారు భావించారని గ్రహించినప్పుడు, మొక్క నాటడం వలను బాగుచేయడం లాంటిదేనని విద్యార్థులకు వేరుగా చెప్పనవసరం ఉండదు.

2019 జూలైలో, హవాయి మూలవాసులు పవిత్రంగా భావించే మౌనా కేయా పర్వతం మీద భారీ టెలిస్కోపు నిర్మాణాన్ని అడ్డుకొన్నవారు పాటించిన ‘కపు అలోహా’ అనే అహింసా నియమావళిని మాత్రం ఆచరణతోనే నేర్పాలి. కోపంగా మాట్లాడకూడదు, మద్యం, ధూమపానం, ఆయుధాలు ఉండకూడదు, పోలీసులను కూడా గౌరవించాలి అన్న నియమాలను శిబిరంలో అడుగుపెట్టిన ప్రతి ఒక్కరూ పాటించాలి. రోజుకు మూడుసార్లు ప్రార్థనలు, నృత్యాలు జరిగేవి, పక్కనే బహిరంగ పాఠశాల నడిచేది. జూలై 17న దారికి అడ్డంగా కుర్చీలు వేసుకొని కూర్చున్న ముప్పైమందికి పైగా వృద్ధులను అరెస్టు చేశారు. చిన్నవారు పక్కకు తప్పుకోవాలని, అరెస్టును తామే స్వీకరిస్తామని ఆ పెద్దలు నిర్ణయించుకొన్నారు. అరెస్టు చేసిన అధికారులలో కూడా హవాయి మూలవాసులున్నారు.

ఈ పాఠానికి అభ్యాసం ఇలా చేయించవచ్చు. బృందంలో కొందరు దారి కాపాడేవారుగా, కొందరు అధికారులుగా, ఒకరు హకుగా నిలబడాలి. అధికారులు ముందుగా రాసుకొన్న మాటలతో పదేపదే దారి వదలమని అడగాలి, ఎదురు నిలిచినవారు గొంతు పెంచకుండా, వెటకారం చేయకుండా, కానీ ఒక్క అడుగు కూడా వెనక్కి వేయకుండా జవాబివ్వాలి. పావుగంట గడిచాక పాత్రలు మార్చాలి. తరువాత హకుగా ఉన్నవారి వైపు తిరిగి, ఒళ్ళు ఎక్కడ బిగుసుకొందో, ఏ మాట దగ్గర కోపం వచ్చిందో ఒక్కొక్కరూ చెప్పాలి. మొదటి ప్రయత్నంలో నియమం తప్పినవారిని నిందించకుండా కొంత మౌనం పాటించి మళ్ళీ మొదలుపెట్టాలి.

ఇలాంటి అభ్యాసాలలో విద్యార్థుల నిజమైన కుటుంబ గొడవలను వాడకూడదు. ముడి విప్పడం మొదలుపెట్టి తరగతి గంట మోగిందని సగంలో వదిలేస్తే ఆ కుటుంబం మునుపటికంటే ఎక్కువ చిక్కులో పడుతుంది. కల్పిత సందర్భాలు రాసి ఇవ్వాలి. కొద్ది వారాల శిక్షణ పొందినవారు తమను హకు అని చెప్పుకోవడం గానీ, ఈ పేరు పెట్టి రుసుము వసూలు చేయడం గానీ సరికాదు. నిజంగా ఒక కుటుంబాన్ని కూర్చోబెట్టవలసి వచ్చినప్పుడు, ఈ విద్యను పెద్దల దగ్గర ఏళ్ళ తరబడి నేర్చుకొన్న హవాయి కుటుంబాల వారి సలహా తీసుకోవాలి, అది వీలుకాకపోతే శిక్షణ పొందిన మధ్యవర్తి పక్కన ఉండగా, ఈ సంప్రదాయం పేరు వాడకుండా, ఇక్కడ నేర్చుకొన్న వినే క్రమశిక్షణను మాత్రం వెంట తీసుకెళ్ళాలి.